బిడ్డ నాది, నీళ్ళు ఊరివి

మా దిక్కు పుట్టబోయే బిడ్డకు ముందుగా ఏదీ కొనరు. తొట్టె తేవద్దు, అంగీ కుట్టించవద్దు. పుట్టినంక పాత చీర చింపి అందులో చుడతారు. ఉతికి ఉతికి మెత్తబడ్డ బట్టే పసి ఒంటికి మంచిదని అమ్మ అంటుంది. ఏడో నెలలో నా భార్య చండూరు దగ్గరి తల్లిగారింటికి పోయాక, చౌటుప్పల్‌లోని మా రెండు గదుల కిరాయి ఇంట్లో నేనొక్కణ్ణే మిగిలాను. కంపెనీలో రాత్రి షిఫ్టు చేసి పొద్దున వచ్చి కూర్చుంటే ఒకటే ఆలోచన. తల్లి ఒళ్ళు తనంతట తానే సిద్ధమవుతుంది. తండ్రి దేనితో సిద్ధం కావాలి?

జవాబు నా నోట్లోనే ఉంది. నా ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. మునుగోడు దిక్కు పల్లెలో బోరు నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి. పాల పళ్ళు ఊడినంక వచ్చే పక్కా పళ్ళు చిగుళ్ళ కింద తయారయ్యే వయసులో, అంటే పుట్టిన నాటి నుంచి సుమారు ఎనిమిదేళ్ళ దాకా, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగితే ఈ మచ్చ పడుతుంది. తర్వాత ఎంత తోమినా పోదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మా రాళ్ళలోనే ఫ్లోరైడ్ ఉంది. బోరు ఎంత లోతుకు పోతే నీళ్ళు అంత ఎక్కువ కాలం ఆ రాయిలో నాని పైకి వస్తాయి. ఆ నీళ్ళకు రంగు లేదు, వాసన లేదు. మరగబెడితే పోయేదీ కాదు, నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. మా జిల్లా పేరు దేశదేశాల పుస్తకాలకెక్కింది కూడా ఈ నీళ్ళతోనే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970లలో తయారు చేశారు. దానికి నల్లగొండ పద్ధతి అని పేరు. టాంజానియాలో కూడా దాన్ని వాడి చూశారు.

మా నాయిన నన్ను ఎత్తుకున్న గుర్తు నాకు లేదు. కింద కూర్చుని ఒళ్ళోకి తీసుకున్న గుర్తు అసలే లేదు. చిన్నప్పుడు అది కోపమనుకున్నాను, ఇంకొంచెం పెద్దయ్యాక పట్టింపు లేకపోవడమనుకున్నాను. నలభై ఏళ్ళకే ఆ నీళ్ళతోనే ఆయన నడుము కట్టెబారిందని, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాల్సి వచ్చేదని కళ్ళముందే కనబడుతున్నా నాకు అర్థం కాలేదు. నా దృష్టిలో ఆయన వంగని మనిషి. వంగలేని మనిషి అని తెలియడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.

మార్చి నెలలో సర్కారు దవాఖానలో బిడ్డ పుట్టింది. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. గంట దాటకముందే ముర్రుపాలు పట్టించారు. మూడో రోజు కళ్ళు పచ్చబడితే నీలి దీపం కింద పడుకోబెట్టారు. రెండు రోజులు గాజు ఇవతల నిలబడి చూశాను. ఆ రెండు రోజులే కంపెనీ నాకిచ్చిన సెలవు. సర్కారు నౌకరి చేసే మగవాళ్ళకు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ప్రైవేటులో పనిచేసే మాకు అట్లాంటి చట్టం లేదు. ఈ దేశంలో తండ్రి కావడానికి కూడా నౌకరి రకం చూస్తారన్నది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఇరవై ఒకటో నాడు తొట్టెల వేశారు. మా నాయిన వచ్చాడు. బిడ్డను ఇయ్యనా వద్దా అని అత్తమ్మ వెనకాడుతుంటే ఆయనే, "ఇయ్యమ్మా, పడెయ్యను" అన్నాడు. ఏళ్ళ కింద వంగిపోయి మళ్ళీ చాపరాని మోచేతులవి. ముద్ద కలుపుకోవడానికి, అంగీ తొడుక్కోవడానికి ఆయన పడే పాట్లు నేను చూశాను. ఆ మోచేతుల మధ్య నా బిడ్డ సరిగ్గా సరిపోయింది, నిద్రపోయింది. ఆయన చాలాసేపు కదలలేదు. నేను ఇవతలికి వచ్చి ఏడ్చాను.

వారానికొకసారి బస్సెక్కి చండూరు పోయేవాణ్ణి. ఎండలు ముదిరాయి. గొంతు ఆరుతుందేమో, రెండు చుక్కల నీళ్ళు పోద్దామని అమ్మ బెంగ. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా వద్దని ఆశా కార్యకర్త గట్టిగా చెప్పింది. పాలలో ఎక్కువ భాగం నీళ్ళేనట, ఎండాకాలానికి కూడా అవి చాలునట. ఆ రోజుల్లోనే నేను ఒక సంగతి చదివాను. తల్లి తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్నా, ఆమె పాలలోకి వచ్చేది చాలా కొద్ది. విషాన్ని పాల ద్వారా బిడ్డకు దాదాపు చేరనియ్యదు తల్లి ఒళ్ళు. ఇందుకు ఎవరి అనుమతీ అడగదు, ఏ దరఖాస్తూ పెట్టదు. మా అమ్మ కూడా నాకు అట్లాగే పాలిచ్చింది. నా పళ్ళ మీది మచ్చలు పాలు మానేసిన తర్వాతి రోజులవి.

అంటే ఆరో నెలతో తల్లి కాపలా సడలుతుంది, తండ్రి కాపలా మొదలవుతుంది. తండ్రి ఒంట్లో అట్లాంటి వడపోత ఏదీ లేదు. అతను కాపాడాలంటే ఇల్లు దాటి నల్లా దగ్గరికో, ట్యాంకు దగ్గరికో, పంచాయతీ ఆఫీసుకో పోవాలి. బిడ్డ నాదే కాని నీళ్ళు ఊరివి. తండ్రితనం ఇంటి లోపలి పని అనుకున్నాను. అది వీధిలో ఉంది.

ఇంటింటికీ నల్లా నీళ్ళిచ్చే పథకానికి 2015 జూన్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ పైలాన్ ఆవిష్కరించింది మా చౌటుప్పల్‌లోనే. దానికి భగీరథుడి పేరు పెట్టారు. ఆయన గంగను దించింది బూడిదైపోయిన తన తాతముత్తాతల కోసం. మాకు అది తిరగబడింది. మా నాయిన ఎముకలను ఏ నది నీళ్ళూ ఇప్పుడు బాగుచేయలేవు. శివన్నగూడెం అంశల స్వామి ఈ బాధను ఢిల్లీ దాకా మోసుకుపోయి చెప్పినవాడు, ఒళ్ళు చిన్నపిల్లవాడి పొడుగు దగ్గరే ఆగిపోయినవాడు, 2023 జనవరిలో వెళ్ళిపోయాడు. నీళ్ళు రావలసింది ఇంక పుట్టేవాళ్ళ కోసమే.

ఐదో నెలలో తల్లీబిడ్డలు ఇంటికి వచ్చారు. నల్లా రాని రోజు బోరు నీళ్ళు తాకకుండా నేను క్యాన్ తెచ్చి పెడుతున్నాను. పక్క గదిలో బిహార్ నుంచి వచ్చిన కుటుంబం ఉంటుంది. అతనూ మా కంపెనీలోనే కూలి. వాళ్ళకు ఏడాదిన్నర కొడుకు. నల్లా రాని రోజు వాళ్ళు బోరు నీళ్ళే పట్టుకుంటారు. నేను క్యాన్ భుజాన పెట్టుకుని ఆ గుమ్మం ముందు నుంచి నడిచి రావాలి. ఒకనాడు ఆ బాబు నన్ను చూసి నవ్వాడు. నాలుగు పాల పళ్ళు, తెల్లగా ఉన్నాయి. పక్కావి ఇంకా చిగుళ్ళ కింద ఉన్నాయి. ఆ రోజు నుంచి రెండు క్యాన్లు తెస్తున్నాను. ఇది పరిష్కారం కాదని తెలుసు. చుట్టూ కంపెనీలున్న ఊళ్ళలో, అవి బోరు నీళ్ళను పాడుచేస్తున్నాయని ఏళ్ళుగా ఫిర్యాదులున్నాయి. నా జీతం వచ్చేది కూడా అట్లాంటి ఒక గేటు లోపలి నుంచే. ఈ ముడి నేనింకా విప్పుకోలేదు.

బతుకమ్మ పండుగ నాటికి బిడ్డకు ఆరు నెలలు నిండాయి. అన్నం ముట్టించినంక చెంచాతో నీళ్ళు పట్టాను. సగం గదవ మీదికి కారాయి, సగం మింగింది.

మీ ఇంట్లో పసిబిడ్డ ఉండి, తాగేది బోరు నీళ్ళయితే ఒక సీసాలో పట్టి పరీక్ష చేయించండి. రుచి చూసి నమ్మకండి. ఆరో నెల వచ్చేదాకా ఆగకండి.