నిలకడ ఎవరికి లేదు?

2024 సెప్టెంబర్ 12 సాయంత్రం, ఇంగ్లాండ్‌లోని టాంటన్ మైదానం. కౌంటీ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లో సొంత జట్టు సోమర్సెట్ విధించిన 221 పరుగుల లక్ష్యం మీద ఆశ వదిలేసి, సర్రే జట్టు డ్రా కోసం వికెట్లు కాపాడుకుంటోంది. మూడు వికెట్లకు 95 పరుగుల దగ్గర స్థిరంగా కనిపించిన ఆ జట్టు 109కే కుప్పకూలింది. అప్పటికి ఆటలో మిగిలింది కొద్ది నిమిషాలే. ఆ మ్యాచ్‌లో 18 ఏళ్ల ఆర్చీ వాన్ 11 వికెట్లు తీశాడు. చీలమండ గాయంతో కుంటుతూ చివరి బ్యాటరుగా దిగిన టామ్ బాంటన్ పరుగులు కూడా ఆ గెలుపులో ఉన్నాయి. రెండు రోజులకే ఇదే సోమర్సెట్ టీ20 ఫైనల్లో గ్లాస్టర్‌షైర్ చేతిలో ఓడింది. తర్వాతి వారం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో లాంకషైర్ చేతిలో ఓడింది, దాంతో కౌంటీ చాంపియన్‌షిప్ సర్రేకే దక్కింది. 23న వన్డే కప్ ఫైనల్లో గ్లామోర్గాన్ చేతిలోనూ ఓడింది.

మూడు ట్రోఫీలు అందినట్టే అంది, మూడూ చేజారాయి. అభిమాని నోట వెంటనే వచ్చే మాట, ‘ఈ జట్టుకు నిలకడ లేదు’. నేనూ అన్నాను. అయితే ఇది కేవలం వర్ణనేనా, లేక నింద కూడానా? నిందే అయితే దానికి ఆధారం చూపాలి. తొందరగా ఓడి ఇంటికెళ్లిన జట్టుకు సెప్టెంబర్‌లో విశ్రాంతి దొరికింది. మూడు పోటీల్లోనూ చివరిదాకా నిలబడ్డ జట్టు మాత్రం పన్నెండు రోజుల్లో నాలుగు ఊళ్లలో, మూడు రకాల క్రికెట్ ఆడాల్సి వచ్చింది. అంటే మనం నిలకడలేమి అంటున్నదాంట్లో కొంత వేసవంతా చూపిన నిలకడకు చెల్లించిన మూల్యమే. అలాగని ఓటములన్నీ అలసట ఖాతాలో వేయడమూ కుదరదు. లాంకషైర్ ఆ మ్యాచ్‌లో మెరుగ్గా ఆడింది. ఎదుటి జట్టు కూడా శ్రమిస్తుందన్న సంగతి అభిమాని లెక్కల్లో ఎప్పుడూ ఆఖరున చేరుతుంది.

సర్రేతో ఆఖరి గంటను మరో వైపు నుంచి చూద్దాం. వెలుతురు చాలడం లేదని అంపైర్లు పది నిమిషాల ముందే ఆట ఆపేశారనుకుందాం. వాన్ వేసిన బంతులు అవే, బాంటన్ ఓర్చుకున్న నొప్పి అదే, ఫలితం మాత్రం డ్రా. అప్పుడు మనం ఇంతే మెచ్చుకునేవాళ్లమా? మెచ్చుకునేవాళ్లం కాదనుకుంటాను. మరి మనం మెచ్చుకుంటున్నది ప్రయత్నాన్నా, దానికి తోడైన అదృష్టాన్నా? 2010 చాంపియన్‌షిప్‌లో సోమర్సెట్, నాటింగమ్‌షైర్ చెరో 214 పాయింట్లతో సీజన్ ముగించాయి. నాటింగమ్‌షైర్ ఏడు మ్యాచ్‌లు గెలిచింది, సోమర్సెట్ ఆరు. కప్పు వాళ్లకు వెళ్లింది. పాయింట్లు సమమైతే గెలుపులు ఎక్కువున్న జట్టుకే అన్న నిబంధన ముందే తెలుసు కాబట్టి అన్యాయం అనలేం. కానీ ఆ ఒక్క గెలుపు తేడా ఒక జట్టులో గుణం ఉందనీ, మరో జట్టులో లేదనీ రుజువు చేస్తుందా?

1891లో పోటీలో చేరినప్పటి నుంచి సోమర్సెట్ ఈ చాంపియన్‌షిప్ ఒక్కసారీ గెలవలేదు. వివియన్ రిచర్డ్స్, జోయెల్ గార్నర్, ఇయాన్ బోథమ్ కలిసి ఆడిన రోజుల్లోనూ గెలవలేదు. అయినా ఏటా ఏప్రిల్‌లో ఆశ చిగురిస్తుంది. దీన్ని భక్తితో పోల్చేవాళ్లున్నారు, మూఢత్వమనే వాళ్లూ ఉన్నారు. రెండు మాటలూ తొందరపాటువే అనిపిస్తుంది. గెలుస్తారని నమ్మడం వేరు, గెలిస్తే బాగుండునని కోరుకోవడం వేరు. మొదటిదానికి ఆధారం కావాలి, రెండోదానికి అక్కర్లేదు. చిక్కల్లా కోరిక మెల్లగా హక్కుగా మారినప్పుడే. ‘ఇన్నేళ్లు వెంట ఉన్నాను, నాకు బాకీ పడ్డారు’ అని మనసు అంటుంది. ఎవరు బాకీ పడ్డారు? వాన్ పుట్టిందే 2005 డిసెంబర్‌లో.

ఓటమి మనిషికి వినయం నేర్పుతుందనే ఊరడింపునూ సందేహించక తప్పదు. నేను చూసినంతలో అది ఎక్కువమందికి చిరాకే నేర్పుతుంది.

ఇదే జట్టు 2019 సెప్టెంబర్‌లో కప్పుకు మరీ దగ్గరగా వచ్చింది. ఆఖరి మ్యాచ్ టాంటన్‌లోనే, ప్రత్యర్థి ఎసెక్స్. గెలిస్తేనే కప్పు, డ్రా అయినా ఎసెక్స్‌కే. ఎక్కువ ఆట వానపాలైంది. మార్కస్ ట్రెస్కోథిక్‌కు అదే ఆఖరి సీజన్. మానసిక అనారోగ్యంతో ఇంగ్లాండ్ పర్యటనలు వదులుకున్నా, సొంత కౌంటీకి ఏళ్ల తరబడి ఆడుతూ వచ్చిన మనిషి. ఆ మ్యాచ్ తుది జట్టులో ఆయన లేడు. ఇక ఫలితం తేలిపోయిందనుకున్నాక, ఆఖరి నిమిషాల్లో సబ్‌స్టిట్యూట్ ఫీల్డరుగా మైదానంలోకి వచ్చాడు. జనమంతా లేచి నిలబడ్డారు. ఎసెక్స్ ఆటగాళ్లూ చప్పట్లు కొట్టారు. కప్పు పోయిన సాయంత్రం అది. అయినా మైదానంలో ఉన్నవాళ్లు దాన్ని నష్టంగా మాత్రమే గుర్తుంచుకోరు. మంచి సీజన్ అంటే ఏమిటో తేల్చడానికి పాయింట్ల పట్టిక ఒక్కటే చాలదనడానికి నాకు దొరికిన గట్టి సాక్ష్యం ఇదే.

కానీ అదే మ్యాచ్ మరో ప్రశ్న కూడా మిగిల్చింది. స్పిన్నర్లకు విపరీతంగా సహకరించిన ఆ పిచ్ నాసిరకమని తేల్చి, సోమర్సెట్‌కు పాయింట్ల కోత విధించారు. ఇలాంటి స్పిన్ పిచ్‌ల వల్లే, ఆ ప్రాంతపు ఆపిల్ మద్యం సైడర్‌నూ మన హైదరాబాద్‌నూ కలిపి టాంటన్‌కు ‘సైడరాబాద్’ అని పేరు పెట్టుకున్నది అక్కడి జనమే, ముచ్చటగానే. సొంత స్పిన్నర్లు వికెట్లు తీస్తుంటే పిచ్‌లో జీవం ఉందన్నాం, శిక్ష పడగానే ‘అందరూ చేసేదేగా’ అన్నాం. అందరూ చేస్తారన్నది నిజమే కావచ్చు, అంతమాత్రాన అది సమర్థన కాదు. జట్టు ఆటలో లేని నిలకడ మన తీర్పులో ఉందా అన్నది ఇక్కడే బయటపడుతుంది.

ఎప్పుడో ఒక సెప్టెంబర్‌లో సోమర్సెట్ గెలవవచ్చు. బంతి మొదటి రోజు నుంచే గిర్రున తిరిగే పిచ్ మీదే గెలవవచ్చు. అది న్యాయమైన పిచ్చేనా అని ఆ సాయంత్రమే అడగమని మనస్సాక్షి చెబుతుంది. నేను అడుగుతానని మాత్రం ఇప్పుడే మాటివ్వలేను.