నష్టపరిహారం: ధర, సమ్మతి, నదీతీరం

'పరిహారం' అన్న మాటకు తొలగింపు, నివారణ, ప్రాయశ్చిత్తం అనే అర్థాలున్నాయి. దోషపరిహారమంటే దోషం పోవడం. ఆ వరుసలో నష్టపరిహారమంటే నష్టం మిగలకుండా పోవాలి. ప్రభుత్వం నదీతీర భూములను సేకరించి చెల్లించే సొమ్ముకు ఈ పేరు ఎంతవరకు తగునన్నది విచారణీయం.

శ్రీశైలం జలాశయంలో కృష్ణా, తుంగభద్రా తీర గ్రామాలు మునిగినప్పుడు అమలులో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. దాని 23వ సెక్షన్ భూమికి మార్కెట్ విలువను, సేకరణ నిర్బంధమైనది కనుక దానిపై నూటికి 15 వంతులను చెల్లించాలన్నది. 24వ సెక్షన్ మాత్రం భూమిని వదులుకోవడానికి హక్కుదారుకు గల అయిష్టతను లెక్కించరాదన్నది. నిర్బంధాన్ని గుర్తించిన చట్టమే అయిష్టతను విస్మరించింది. మార్కెట్ ధర ఇష్టపడి అమ్మేవారు, ఇష్టపడి కొనేవారు ఉన్నచోట ఏర్పడుతుంది. అమ్మదలచుకోనివారికి దానిని వర్తింపజేయడమంటే లేని సమ్మతిని ఉన్నట్లు భావించడమే. ఆ అదనపు మొత్తం 1984 సవరణతో 30 వంతులకు, 2013 చట్టంతో 100 వంతులకు పెరిగింది. మొత్తం పెరిగినంత మాత్రాన సమ్మతి సమకూరదు.

అయిష్టతకు కొలమానం లేదని, దానిని లెక్కిస్తే ఏ ప్రజాప్రయోజన నిర్మాణమూ సాగదని ఆక్షేపించవచ్చు. ఈ ఆక్షేపణ బలమైనదే. అయితే కొలవలేని నష్టం లేని నష్టం కాదు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ముంపు నుంచి తప్పించడానికి రాళ్లు విప్పి అలంపురంలో తిరిగి నిర్మించారు. రాయి తన రూపాన్ని వెంట తెచ్చుకోగలిగింది. ఏటి ఒండ్రుతో పండే పొలానికి ఆ అవకాశం లేదు, దాని గుణం నదితో ముడిపడి ఉంది. ఆ ఒడ్డున పట్టా లేకుండా బతికే జాలరులకు, పడవ నడిపేవారికి భూమి ధరలో వాటా లేదు. 2013 చట్టం జలవనరులపై ఆధారపడిన ఇటువంటి కుటుంబాలను బాధిత కుటుంబాలుగా గుర్తించింది. నష్టం యాజమాన్యానికే పరిమితం కాదన్న అంగీకారం ఇందులో ఉంది.

కాబట్టి ప్రభుత్వం చెల్లించే సొమ్మును పరిహారమనడం కంటే ధర అనడమే సత్యానికి దగ్గర. ధర చెల్లింపుతో లావాదేవీ ముగుస్తుంది, నైతిక బాధ్యత ముగియదు. జలాశయాలలో నిర్వాసితులకు చేపలు పట్టే హక్కు కల్పించవచ్చునని 2013 చట్టపు రెండవ షెడ్యూలు చెబుతున్నది. తమను కదిలించిన నీటిలోనే తమకు వాటా కల్పించే ఇటువంటి ఏర్పాటు సొమ్ము కన్నా 'పరిహారం' అన్న మాటకు చేరువగా నిలుస్తుంది.