గుణము – జయము

గెలిచినదెల్ల ఉత్తమమనియు, ఓడినదెల్ల అధమమనియు తలంచుట లోకస్వభావము. పరీక్షలో తప్పిన బాలుని మందబుద్ధి యనుట ఈ తలంపు ఫలమే. ఇందుకు మారుగా, ఓడినవాని గొప్పతనము లోకమునకు తెలియలేదని లోకమునే దూషించువారును కలరు. ఈ రెండు తీర్పులలో ఏది న్యాయము? ఒక యాటయంత్రపు కథను ముందుంచుకొని విచారింతము.

1989వ సంవత్సరమున అమెరికాలో అటారీ సంస్థవారు లింక్స్ అను వీడియో గేమ్ యంత్రమును విక్రయమునకు పెట్టిరి. చేతబట్టుకొని యాడు యంత్రములలో రంగుల ఎల్.సి.డి. తెర గలది ఇదియే మొదటిది. తెర వెనుక దీపముండుటచే చీకటిలోను ఆడవచ్చును. ఎడమచేతివాటము గలవారు దానిని త్రిప్పి పట్టుకొని యాడుటకును వీలు కలదు. ఎడమచేయి వాడిన బిడ్డను గద్దించు గృహములు ఈ సౌజన్యమును గమనింపదగును.

ఆ యేడే నింటెండోవారి గేమ్ బాయ్ వచ్చినది. దాని తెరకు రంగులు లేవు, దీపమును లేదు. అయినను అది 4 బ్యాటరీలతో పది గంటలకు పైగా నడచెడిది. లింక్సునకు 6 బ్యాటరీలు వేసినను నాలుగైదు గంటలకే ఆరిపోయెడిది. గేమ్ బాయ్ వెల సుమారు 90 డాలర్లు. లింక్సు వెల దానికి రెట్టింపు. 1990 దశకపు నడుమనే లింక్సు కథ ముగిసినది. గేమ్ బాయ్, దాని తరువాతి రంగుల రూపము కలసి 11 కోట్లకు పైగా అమ్ముడుపోయినవి.

ఈ జయమునకు యంత్రముతో పాటిచ్చిన టెట్రిస్ ఆటయు, నింటెండోవారి పలుకుబడియు కారణములు కావా యని యడుగవచ్చును. అగును. కావుననే జయము గుణమునకు పూర్తి సాక్ష్యము కాజాలదు. లింక్సు వెలుగు మిథ్య కాదు; పిమ్మట లోకమంతయు రంగుల తెరలనే కోరినది. దాని లోపము గుణహీనత కాదు. ఆ గుణమునకగు వ్యయమును చేతబట్టిన బాలునిపై మోపుటయే లోపము. గేమ్ బాయ్ నిర్మాతలలో ముఖ్యుడైన గుంపెయ్ యొకోయ్, పాతబడి చౌకయైన సాధనములకు క్రొత్త ఉపయోగము వెదకవలెనని నమ్మినవాడు. క్షేమేంద్రుడు కావ్యమునకు ప్రాణమని చెప్పిన ఔచిత్యము ఇట్టిదే కదా!

మేము ఉపాధ్యాయవృత్తిలో చేరిన క్రొత్తలో, కాళిదాసుని శ్లోకమొకటి చెప్పుచు, మాకు తెలిసిన వ్యాకరణమును, అలంకారశాస్త్రమును ఒక్క గంటలో కుమ్మరించెడివారము. పాఠము మిక్కిలి ప్రకాశించినదని మురిసెడివారము. బాలురు ఇల్లు చేరులోపల ఆ దీపము వారి మనస్సులలో ఆరిపోయెడిది. దోషము వారిదని తలంచి మార్కులు తగ్గించితిమి. ఆ తగ్గించిన మార్కులు మావే యని తెలియుటకు ఏండ్లు పట్టినది.

ఓడినవానిని నిందింపకుండుట దయ. ఓటమికి హేతువు వెదకుట న్యాయము. ఈ రెండును వలయును. అంతకుమించి, పరులకు వెలుగు చూపబూనినవాడు, ఆ దీపమునకు నూనె ఎవరి యింటినుండి వచ్చుచున్నదో ముందుగా విచారించుకొనవలయును.