ఎవరి జీతం తగ్గాలి?

పిల్లల కోసం జీతం తగ్గించుకుని తేలిక కొలువుకు మారినవాళ్లు కొందరి కళ్లకు త్యాగమూర్తులు, కొందరి కళ్లకు చేతకానివాళ్లు. నాకు మాత్రం అది డబ్బు పెట్టి సమయాన్ని కొనుక్కోవడంగానే కనిపిస్తుంది. కొన్నదాన్ని లాభనష్టాలతోనే తూచాలి. అమెరికా వేళలకు తగ్గట్టు రాత్రిళ్లు కాల్స్ నడిచే మాదాపూర్, గచ్చిబౌలి కొలువుల్లో పెద్ద జీతం పనికే కాదు, ఎప్పుడు పిలిచినా పలికినందుకు కూడా ఇస్తారు. 2023లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ వివరించింది ఇదే: వేళాపాళా లేని ఉద్యోగాలకు గంట లెక్కన కూడా ఎక్కువ ముడుతుంది కాబట్టి, బిడ్డ పుట్టాక దంపతుల్లో ఒకరు అలాంటి కొలువులోనే ఉండిపోతే, ఇంకొకరు తేలిక కొలువుకు సర్దుకుంటారు. అలా దిగేది ఎక్కువగా తల్లే. కాబట్టి జీతం తగ్గించుకోవచ్చా అని అడిగే ముందు ఎవరిది తగ్గాలో తేల్చుకోవాలి.

తక్కువ సంపాదించేవాళ్లు తగ్గితే ఇంటికి నష్టం తక్కువ కదా అంటారు. ఈ మాటను లెక్కలోనే చూద్దాం. కొత్త పన్ను విధానంలో 2025-26కు భర్త పన్ను ఆదాయం 30 లక్షలు, భార్యది 12 లక్షలు అనుకుందాం. వారానికి ఒక రోజు పని తగ్గితే అతనికి 6 లక్షలు, ఆమెకు 2.4 లక్షలు పోతాయి. అంటే రెండున్నర రెట్ల తేడా. కానీ అతని పై 6 లక్షల్లో సెస్సుతో కలిపి 31.2 శాతం ఎలాగూ పన్నుకే పోయేది. చేతికి తగ్గేది సుమారు 4.13 లక్షలే. ఆమె 12 లక్షల మీద పన్నే లేదు, పోయేదంతా ఇంటి సొమ్మే. తేడా అప్పటికీ ఉంది, కానీ రెండు రెట్ల లోపుకు వచ్చింది. పైగా ఈ ఏడు ఆమె వెనక్కి తగ్గితే వచ్చే ఏడు ఆమె జీతం ఇంకా వెనకబడుతుంది. అప్పుడు అదే లెక్క మళ్లీ ఆమెనే దిగమంటుంది. ఒకసారి తీసుకున్న నిర్ణయమే తర్వాతి నిర్ణయానికి సాక్ష్యం చెబుతుంది. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం 15-59 ఏళ్ల ఆడవాళ్లలో 41 శాతం ఇంట్లోవాళ్ల సంరక్షణ చూస్తూ రోజుకు 140 నిమిషాలు వెచ్చిస్తుంటే, మగవాళ్లలో 21.4 శాతమే, అదీ 74 నిమిషాలు. ఇలాంటి చోట తల్లి జీతం ఒక్కటే తగ్గితే పాత భారానికి కొత్త పేరు పెట్టినట్టే.

ఇంటి లోను, స్కూలు ఫీజు మాటేమిటన్నది గట్టి అభ్యంతరమే. నెల గడవడమే కష్టమైనవాళ్లకు ఈ సలహా ఇవ్వడం అన్యాయం. వాళ్లకు కావాల్సింది పని గంటల మీద అదుపు, అందుబాటులో క్రెష్‌లు. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ పెట్టాలని 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టమే చెప్పింది. స్తోమత ఉన్నవాళ్లు కూడా నెల జీతం ఒక్కటే చూసుకుంటే చాలదు: పీఎఫ్ తగ్గుతుంది, గ్రాట్యుటీని ఆఖరి వేతనం మీదే లెక్కకడతారు కాబట్టి వెనకటి సర్వీసుకు దక్కేదీ తగ్గుతుంది. అందుకే శాశ్వతంగా ఒకరే తగ్గడం కన్నా, గడువు పెట్టుకుని వంతులవారీగా తగ్గడం మేలు. వంతు వచ్చినప్పుడు ఏ గంటలు తమవో కంపెనీతో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. లేదంటే జీతం తగ్గుతుంది, పని మిగిలే ఉంటుంది. మొదటి వంతు తండ్రిదైతే మరీ మంచిది. తల్లి కెరీర్‌కు గండి పడే తొలి ఏళ్లలోనే ఆ సాయం ఎక్కువ అక్కరకొస్తుంది.