దేవుని కోసం అబద్ధమా?

మీ అబ్బాయి బడి నుంచి వచ్చి, "నాన్నా, జీవులన్నీ కోట్ల సంవత్సరాలుగా మారుతూ వచ్చాయని సైన్సు మాస్టారు చెప్పారు. దేవుడు మనిషిని మట్టితో చేశాడని సత్యోపదేశంలో సిస్టరుగారు చెప్పారు. ఇద్దరిలో ఎవరిది అబద్ధం?" అని అడిగితే ఏం చెబుతారు? కసురుకుంటారా? "పరీక్షలో అది రాయి, మనసులో ఇది నమ్ము" అని సర్దిచెబుతారా?

ఈ ప్రశ్నే అమెరికాలో ఒక చిన్న ఊరిని కోర్టుకెక్కించింది. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని డోవర్‌లో 2004లో స్కూలు బోర్డు ఒక తీర్మానం చేసింది. ప్రభుత్వ పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలకు జీవపరిణామం పాఠానికి ముందు ఒక ప్రకటన చదివి వినిపించాలి. డార్విన్ సిద్ధాంతంలో లోపాలున్నాయనీ, జీవులను ఒక తెలివైన శక్తి రూపొందించిందని చెప్పే పుస్తకం లైబ్రరీలో ఉందనీ ఆ ప్రకటన సారాంశం. సైన్సు ఉపాధ్యాయులు దాన్ని చదవడానికి నిరాకరించారు. పదకొండు మంది తల్లిదండ్రులు దావా వేశారు.

ఇది నాస్తికులకూ భక్తులకూ మధ్య తగాదా అనుకుంటే పొరపాటు. తల్లిదండ్రుల పక్షాన సాక్ష్యం చెప్పిన జీవశాస్త్రవేత్త కెన్నెత్ మిల్లర్, వేదాంత పండితుడు జాన్ హాట్ ఇద్దరూ కథోలికులే. బోర్డు పక్షాన నిలిచిన శాస్త్రవేత్త మైకేల్ బీహీ కూడా కథోలికుడే.

అసలు బాధ కలిగించే సంగతి వేరే ఉంది. ఆ పుస్తకం ప్రతులు అరవై ఎవరు కొనిచ్చారన్న ప్రశ్న వచ్చింది. ఒక సభ్యుడు తన చర్చిలోనే చందా వసూలు చేశాడు. అయినా సంగతి తెలిసినవారే ప్రమాణం చేసి కూడా తెలియదన్నారు. 2005 డిసెంబరు 20న తీర్పిచ్చిన జడ్జి జాన్ జోన్స్, ఆ ప్రకటన రాజ్యాంగ విరుద్ధమన్నారు. తమ భక్తిని బాహాటంగా చాటుకున్నవారే అసలు ఉద్దేశాన్ని దాచడానికి అబద్ధాలాడారని కూడా రాశారు.

వారి భయం మనకు అర్థం కానిది కాదు. పిల్లలు దేవుణ్ణి మరచిపోతారేమోనని ఏ తల్లి మనసు తల్లడిల్లదు? ఏ ఉపాధ్యాయుడైనా "కాబట్టి దేవుడు లేడు" అంటే, అతడు తన శాస్త్రం హద్దు దాటినట్టే. అయితే సర్వేశ్వరుణ్ణి కాపాడటానికి ఎనిమిదో ఆజ్ఞను మీరవచ్చునా? అబద్ధ సాక్ష్యం మీద కట్టిన విశ్వాసం, అది బయటపడిన రోజున పిల్లల కళ్ళ ముందే కూలిపోదా?

శ్రీసభకు ఈ భయం అక్కరలేదు. మానవ శరీరం పూర్వపు జీవుల నుంచి వచ్చిందేమో పండితులు పరిశోధించవచ్చునని 1950లోనే పన్నెండవ పయస్ పోపుగారు అనుమతించారు. ఆత్మను మాత్రం దేవుడే నేరుగా సృష్టిస్తాడని బోధించారు. పరిణామం కేవలం ఊహ మాత్రమే కాదని 1996లో రెండవ జాన్ పాల్ పోపుగారు అన్నారు. బఠాణీ మొక్కలు పెంచి వంశపారంపర్య సూత్రాలు కనుగొన్న గ్రెగర్ మెండెల్ ఒక మఠవాసి, గురువు. ప్రకృతి విషయాల్లో తెలిసీ తెలియక వాదించి పవిత్ర గ్రంథాన్ని నవ్వులపాలు చేయవద్దని పునీత అగస్టీనువారు పదహారు వందల ఏళ్ళ క్రితమే హెచ్చరించారు.

అందుచేత మీ బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి: "ఇద్దరూ నిజమే చెప్పారు. జీవులు ఎలా మారాయో మాస్టారు చెప్పారు. మనల్ని ఎవరు, ఎందుకు కలిగించారో సిస్టరుగారు చెప్పారు." ఇంకా అడిగితే, తెలియనిది తెలియదని ఒప్పుకోండి. విచారణ గురువుగారి దగ్గరకూ, ఆ మాస్టారి దగ్గరకూ మీరే వెంటబెట్టుకుని వెళ్ళండి. సత్యమే తానైన దేవునికి మన అబద్ధం తోడు అక్కరలేదు.