రేవు దగ్గర అడిగిన మాట

వాక్యభాగములు: న్యాయాధిపతులు 12:1–6, మత్తయి 5:23–24



కొన్ని సంవత్సరముల క్రిందట సిరుగుప్ప వైపు ఒక క్యాంపు సంఘములో ఆదివారపు ఆరాధన జరుగుచుండగా, వాక్యము చదువుటకు ఒక పిల్లవానిని పిలిచితిని. తొమ్మిదవ తరగతి చదువుచుండెను. వాని తాతగారు తుంగభద్ర కాలువలకు నీళ్లు వచ్చిన దినములలో గుంటూరు జిల్లా నుండి వచ్చి ఇక్కడ పొలము కొన్నవారు. పిల్లవాడు పుట్టినది ఇక్కడే, చదువు కన్నడ బడిలో. తల్లి ఇంటిలో నేర్పిన తెలుగుతో నిర్గమకాండము మూడవ అధ్యాయము కూడబలుకుకొనుచు చదివి, వాగ్దాన దేశమును గూర్చిన మాట దగ్గర “పాలు” అనుటకు బదులు “హాలు” అన్నాడు.

సంఘమంతయు నవ్వినది. వేదిక మీద నిలిచిన నేనును నవ్వితిని. అంతటితో ఆగితినా? “బాబూ, దేవుడు మనకు ఇచ్చునది హాలు కాదు, పాలు” అని ఒక మాట కూడ అంటిని. మరల నవ్విరి. వాడు మిగిలిన వచనములు గబగబ చదివి కూర్చున్నాడు. తరువాత ఎన్ని ఆదివారములు పిలిచినను లేవలేదు. పిల్లవానికి సిగ్గు ఎక్కువ అనుకొని నేను ఇంకొకరిని పిలుచుచు వచ్చితిని.

ఈ సంగతి నేను మరచితిని. దానిని మరల నా యెదుటికి తెచ్చినది, మీరు నమ్మరు, ఒక బొమ్మల కార్యక్రమము. అమెరికాలో ఉన్న మా తమ్ముని కుమార్తె సెలవులకు వచ్చినప్పుడు తన ఫోనులో చూపినది. బొమ్మల ఆటకు సంఘపత్రికలో ఏమి పని అని పెద్దలు అడుగవచ్చును. పోయిన నాణెమును, పులిసిన పిండిని చూపి బోధించిన ప్రభువు దీనిని కూడ త్రోసివేయడని తలంచి వ్రాయుచున్నాను.

ఆ కార్యక్రమము పేరు సింప్సన్స్. 1989 డిసెంబరులో మొదలై నేటికిని సాగుచున్నది. అందులో అపు అను భారతీయ దుకాణదారుడు ఉన్నాడు. 1990 ఫిబ్రవరిలో మొదట కనబడినాడు. కష్టజీవి, చదువుకొన్నవాడు, ఎనిమిది మంది బిడ్డల తండ్రి. చెడ్డవానిగా చూపలేదు, ఆ మాట ఒప్పుకొనవలెను. అయితే అతని యాసయే ఒక హాస్యము. ఆ గొంతు ఇచ్చినవాడు మన దేశస్థుడు కాడు, హాంక్ అజారియా అను న్యూయార్కు నటుడు. వచ్చినవారికి వందనము చెప్పి మరల రమ్మని అపు పలికే మాటను బడిలో పిల్లలు నేర్చుకొని, తమ తరగతిలోని భారతీయ పిల్లల మీద విసిరెడివారు.

అట్టి పిల్లలలో ఒకడు మన తెలుగువాడే. హరి కొండబోలు అను ఆయన తల్లిదండ్రులు ఆంధ్రదేశము నుండి వెళ్లినవారు. ఆయన 1982లో న్యూయార్కులోని క్వీన్స్‌లో పుట్టి, పెరిగి, జనులను నవ్వించుటయే వృత్తిగా చేసుకొన్నాడు. నవ్వు తెలియనివాడు కాడు, ఆ కార్యక్రమమంటే ఇష్టము లేనివాడును కాడు. ఆయన 2017లో అపును గూర్చి ఒక డాక్యుమెంటరీ తీసి, తనవంటి పిల్లలు పెద్దవారైన తరువాత కూడ మోయుచున్న దానిని వారిచేతనే చెప్పించినాడు.

దానికి సింప్సన్స్ వారు ఇచ్చిన జవాబే నేను చూచిన ఎపిసోడు. 2018 ఏప్రిల్ 8న వచ్చినది. అందులో తల్లి మార్జ్ తాను చిన్ననాట ప్రేమించిన ఒక కథల పుస్తకమును కుమార్తె లీసాకు చదివి వినిపించబోయి, ఇతర జాతులవారిని కించపరచు మాటలు దాని నిండ ఉన్నవని చూచి కలవరపడును. వాటిని తీసివేసి తిరిగి వ్రాయును, అయితే కథలో జీవము పోవును. ఇప్పుడేమి చేయవలెనని అడుగగా, లీసా చూచువారి వైపు తిరిగి, ఒకప్పుడు అందరును మెచ్చుకొన్నది నేడు తప్పైనది, మనమేమి చేయగలము అను భావముతో మాటలాడును. మంచము ప్రక్కన అపు ఫోటో ఉండును. కొన్ని సంగతులు తరువాత చూచుకొందుమని తల్లి అనగా, చూచుకొంటే గదా అని కుమార్తె అనును. అంతే.

మా తమ్ముని కుమార్తె నా ముఖము చూచి, “పెదనాన్నా, మీకు నవ్వు రాలేదేమి?” అని అడిగినది. నాకు ఆ పిల్లవాని “హాలు” వినబడుచుండెను.

న్యాయాధిపతుల గ్రంథము పండ్రెండవ అధ్యాయము తీయుడి. యెఫ్తా పక్షమున గిలాదువారు యొర్దాను రేవులు పట్టుకొని నిలిచిరి. దాటుటకు వచ్చినవానిని ఒక్క మాట పలుకుమనిరి: షిబ్బోలెతు. ఎఫ్రాయిమువానికి ఆ ‘షి’ రాదు, సిబ్బోలెతు అనును. పట్టుకొని అక్కడనే చంపిరి. ఆ కాలమున పడినవారు 42,000 మంది. వీరు అన్యులు కారు. ఎఫ్రాయిము, మనష్షే యోసేపు కుమారులు, గిలాదువారు మనష్షే సంతతి. అన్నదమ్ముల బిడ్డలను ఒక్క అక్షరము వేరుచేసినది.

ఆ రేవు ఎక్కడనో లేదు, మనము దాని మీదనే కాపురమున్నాము. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాను భాషనుబట్టి విడదీసిరి. ఆదోని, ఆలూరు, రాయదుర్గము అటు ఉండిపోయినవి. బళ్లారి, సిరుగుప్ప, సండూరు ఇటు మైసూరు వైపు వచ్చినవి. కన్నడ మన పొరుగు మాత్రమే కాదు, అక్కచెల్లెండ్ర బిడ్డ. మన పులి వారికి హులి, మన పువ్వు వారికి హూవు, మన పాలు వారికి హాలు. ఒకప్పుడు వారును ‘ప’ అనియే పలికెడివారని, కాలక్రమమున అది ‘హ’ ఆయెనని భాషాపండితులు చెప్పుదురు. కన్నడ బైబిలులో ఆ వాగ్దాన దేశమున ప్రవహించునది హాలే. అనగా పిల్లవాడు చదివినది తప్పు కాదు, రేవు దాటి చదివినాడు, అంతే.

క్యాంపులలో పుట్టిన పిల్లల మీద ఈ నవ్వు రెండు వైపుల నుండి పడును. బడిలో వాని కన్నడము తెలుగు కన్నడము. సంక్రాంతికి అమ్మమ్మ గారి ఊరు వెళ్లిన, “వీడిది బళ్లారి తెలుగురా” అందురు. ఆదోని నుండి జీన్స్ కుట్టుపనికి బళ్లారి వచ్చినవారిని, తోరణగల్లు ఫ్యాక్టరీలో పనికి వచ్చిన శ్రీకాకుళమువారిని మన సంఘములలో మనమే అనుకరించి నవ్వుచున్నాము. నవ్వినవాడు ఇంటికి పోవును. అది పిల్లవానికి పేరై నిలుచును. స్వదేశములో ఉన్న మనకు అపు ఒక వేడుక. పరదేశములో పెరిగినవానికి అది బడి మెట్ల మీద వెంటబడిన మాట. పెద్దలు ఈ భేదము గమనింపవలెను.

గలిలయ యాస ఏమి చేయునో పేతురు నెరుగుదుము. ప్రధానయాజకుని ముంగిట వాని పలుకే వానిని పట్టియిచ్చినది. ఆ భయములో అతడు ప్రభువును ఎరుగననెను. మన ప్రభువు కూడ గలిలయలోనే పెరిగినాడు. ఆయన పలుకు యెరూషలేము పెద్దలకు ఎట్లు వినబడెనో ఎన్నడైనను తలంచితిరా?

ఇక ఆ గొంతు ఇచ్చిన నటుని సంగతి. “మనమేమి చేయగలము” అను జవాబుతో అతడు ఆగలేదు. ఆ ఎపిసోడు వచ్చిన నెలలోనే, తాను తప్పుకొనుటకు సిద్ధమని టీవీలో చెప్పెను. 2020 జనవరిలో ఆ పాత్రకు ఇక గొంతు ఇవ్వనని తెలిపెను. 2021లో క్షమాపణ అడిగి, భారతీయులలో ఒక్కొక్కరి యొద్దకు పోయి అడుగవలెనని తనకు తోచుచున్నదనెను. 2023లో అతడును హరి కొండబోలును ఒక రేడియో కార్యక్రమములో కలిసి కూర్చొని మాటలాడుకొనిరి. అతని మతమేదో, భక్తి ఏదో నాకు పని లేదు. మత్తయి అయిదవ అధ్యాయములో ప్రభువు చెప్పిన క్రమము చూడుడి: కానుక బలిపీఠము వద్ద వదలి, మొదట సహోదరుని యొద్దకు పొమ్మనెను. వాడు నీ మీద ఏమైన పెట్టుకొనియున్నాడని నీకు జ్ఞాపకము వస్తే చాలు. వానిది న్యాయమా, వాడు మరీ సున్నితుడా అని విచారించుమనలేదు. నేను మాత్రము ఆ పిల్లవానికి సిగ్గు ఎక్కువ అని తీర్పు తీర్చి, ఎన్నియో ఆదివారములు కానుక పట్టితిని.

మరుసటి శనివారము సాయంకాలము ఆ క్యాంపుకు బస్సెక్కితిని. పిల్లవాడు అప్పటికి కాలేజీకి వచ్చినాడు, మీసములు వచ్చుచున్నవి. తల్లి యెదుట చెప్పితిని: “బాబూ, ఆ దినము నేను నవ్వినది తప్పు. వేదిక మీద నుండి నవ్వినది మరింత తప్పు.” తల్లి, “అయ్యో అయ్యగారూ, అది ఎప్పటి మాట! వాడు ఎప్పుడో మరచినాడు” అన్నది. పిల్లవాడు నేల చూచుచు, “మరువలేదు” అన్నాడు.

కొంతసేపు ఎవరమును మాటలాడలేదు. తరువాత తల్లి నాకు టీ పెట్టవలెనని వానికి గిన్నె ఇచ్చి అంగడికి పంపినది. వాడు గుమ్మము దగ్గర ఆగి వెనుదిరిగి, “అయ్యగారూ, ఆ అంగడిలో హాలు అంటేనే ఇస్తారు” అని చెప్పి పోయినాడు.