పాకుడు తినే చేప ఆకలి



అక్వేరియంలో పాకుడు పట్టినప్పుడు దానిని తినే చిన్న చేపను తెచ్చుకునేవారు, ఆ చేపకు కూడా రోజూ కడుపు నిండాలన్న సంగతిని ముందుగా ఆలోచించాలి. పాకుడు అంటే వెలుతురునూ, చేపల విసర్జితాల నుంచీ మిగిలిన మేత నుంచీ నీటిలో చేరే నైట్రేట్, ఫాస్ఫేట్ లవణాలనూ వాడుకొని అద్దం మీద, ఆకుల మీద పరుచుకునే జీవపు పూత కనుక, దీపం ఆర్పకుండా, మేత గుప్పిస్తూ పోయే ఇంట్లో ఏ చేపా దానిని తుదముట్టించలేదు.

దుకాణాల్లో ‘సక్కర్’ పేరుతో దొరికే వేలెడంత పిల్ల దక్షిణ అమెరికాకు చెందిన జెల్ల జాతి చేప. అది అడుగు దాటి పెరుగుతుంది, తొట్టి చాలక జనం బయట వదలడం వల్ల ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జలాశయాల్లోకి చేరి జాలర్ల వలలను పాడుచేస్తున్నది. పలు రకాల చేపలు కలిసి బతికే చిన్న తొట్టికి తగినది ఒటోసింక్లస్. సుమారు నాలుగు సెంటీమీటర్లు ఉండే ఈ చేప అద్దానికి నోరు అతికించుకొని గోధుమరంగు పూతను గీకి తింటుంది. అప్పుడు బయటి నుంచి దాని పొట్ట స్పష్టంగా కనిపిస్తుంది, గుండ్రంగా ఉంటే తిన్నదనీ లోపలికి పోయి ఉంటే పస్తులున్నదనీ అర్థం. వీటిలో ఎక్కువ భాగం నదుల్లో పట్టి తెచ్చినవే కనుక, దారి పొడవునా ఆకలితో వచ్చి, పూత లేని కొత్త తొట్టిలో రోజుల్లోనే చనిపోతాయి.

   ఈ రోజుల్లో శనివారం తొట్టి కొని ఆదివారానికే చేపలతో నింపేస్తున్నారు. విషపూరితమైన అమోనియాను నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని చెప్పినా వినే ఓపిక ఎవరికీ లేదు.

కనుక చేయవలసినది ఇది. దీపం రోజుకు ఏడు గంటలకు మించకూడదు, వారానికొకసారి పావు వంతు నీరు మార్చాలి. తొట్టి నిలదొక్కుకొని, అద్దంపై పూత కనిపించాకే, పొట్ట నిండుగా ఉన్న ఒటోలను ఆరింటిని కలిపి కొనాలి, ఎందుకంటే అవి గుంపు జీవులు. పూత తగ్గితే కాస్త ఉడికించిన కీరదోస ముక్క వేసి, మర్నాడు తీసేయాలి. నల్లని కుచ్చుల పాకుడును అవి ముట్టవు. అది పట్టిన ఆకులను కత్తిరించేయాలి. ఇప్పటికే కొన్న సక్కర్‌ను ఈ వారంలోనే దుకాణానికి తిరిగి ఇచ్చేయాలి. చెరువులో మాత్రం వదలకూడదు.